జయపురాధీశ్వరుడు శ్రీ విక్రమదేవవర్మ : అక్షయనీవీ ధర్మవిచారము

దానమును గూర్చి మన ధర్మశాస్త్రములు విస్తారముగ చెప్పినవి. దేశమును, కాలమును, పాత్రమును, దాత యొక్క శ్రద్ధను విచారించి ఇచ్చినదే దానమని నిబంధకారులు నిర్ణయించిరి. ఇచ్చిన పిమ్మట ఆ ద్రవ్యమును కాపాడవలసినవారెవరు, అది ఎన్ని తరముల వఱకు ఫలింపగలదు అను ప్రశ్నలు మాత్రము మనము తఱచుగ విస్మరించుచుందుము. మనువు దాయవిభాగ ప్రకరణమున పంచుకొనరాని వస్తువులను చెప్పుచు యోగక్షేమమును గూడ అందు చేర్చెను. మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుడు ఆ పదమును విడదీసి, లభింపనిదానిని లభింపజేయు ఇష్టకర్మము యోగమనియు, లభించినదానిని రక్షించుటకు హేతువైన పూర్తకర్మము క్షేమమనియు వివరించెను. తటాకము, సత్రము మొదలగునవి పూర్తములు. దాత వంశీయులు సయితము వానిని పంచుకొనరాదు. యోగము దాత పని. క్షేమము దాత పోయిన పిమ్మట మిగిలినవారి పని అని ఈ వ్యాసమున నేను గ్రహించు తాత్పర్యము.

ఈ తాత్పర్యమునకు ఇరువదవ శతాబ్దమున మన ఆంధ్రదేశమునకు సంబంధించిన ఉదాహరణము వెదకినచో మొదట స్ఫురించు పేరు జయపుర సంస్థానాధీశ్వరులు శ్రీ విక్రమదేవవర్మ మహారాజుగారిది. వీరు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఒసగిన దానము ప్రసిద్ధము. ఆ దానము ఏ రూపమున ఇయ్యబడెనో, దేనిపై ఆధారపడి యుండెనో విచారించినవారు అరుదు. వీరి చరిత్రను ఆ దృష్టితో చెప్పుటయే ఇచటి ఉద్దేశ్యము.

విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట మీదుగ అనంతగిరి కనుమనెక్కి అరకులోయను చేరినవారు, ఉత్తరముగ పాడువా దారిని పోయినచో నందపురమును చేరుదురు. నేడది ఒడిశా రాష్ట్రమున కోరాపుట్ జిల్లాలోని చిన్న ఊరు. పదునైదవ శతాబ్దము నుండి ఆ పరిసరములనేలిన రాజవంశమునకు అది రాజధాని. ముప్పదిరెండు మెట్ల సింహాసనమని స్థానికులు చూపు శిలావేదిక ఇప్పటికిని అచట గలదు. పదునేడవ శతాబ్దమున రాజధాని నందపురము నుండి జయపురమునకు మాఱెను. రాజపుత్రస్థానమునందలి జయపురము వేఱు. ఇది తూర్పు కనుమల నడుమ నున్న జయపురము. పరజులు, గదబలు, కోదులు, బొండోలు మొదలగు కొండజాతులవారు ఆ సీమకు నిజమైన నివాసులు. పోడు వ్యవసాయమును, అడవియు, కొండవాగుల నడుమ నున్న పల్లపు మళ్లును వారి జీవనాధారములు. అరకులోయలోని జాతులకును ఆ పై సీమలోని జాతులకును బంధుత్వములు, సంతలు, పండుగలు ఒక్కటియే. నడుమ గీసిన సరిహద్దు తరువాతి కాలపుది.

ఇంగ్లీషు కుంపిణీవారు 1803లో శాశ్వత పైసలా చేసినపుడు ఈ సంస్థానము చెల్లింపవలసిన పేష్కషు ఏటికి 16,000 రూపాయలుగ నిర్ణయింపబడెను. కొండలు, అడవులు, జ్వరములు నిండిన సీమ యగుటచే కుంపిణీవారికి దాని రాబడిపై పెద్ద ఆశ లేకపోయెను. తరువాతి కాలమున ఆ అడవులలోని గుగ్గిలపు మ్రానులకు, కలపకు విలువ పెరిగెను. పల్లములు సాగులోనికి వచ్చెను. పేష్కషు మాత్రము పెరుగలేదు. రాబడికిని పేష్కషునకును నడుమ నేర్పడిన ఈ అంతరమే జయపురమును మద్రాసు రాజధానిలోని మిక్కిలి పెద్ద జమీందారీలలో నొకదానిగ చేసినది. తరువాత జరిగిన దానధర్మములన్నిటికిని మూలధనము ఈ అంతరమే అను సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక.

శ్రీ విక్రమదేవవర్మగారు 1869వ సంవత్సరమున ఈ రాజవంశమున జన్మించిరి. వీరు గద్దెకు నేరుగ వారసులు కారు. రాజ్యము జ్ఞాతిశాఖవారి చేతిలో నుండెను. అందుచే వీరి యౌవనమును ప్రౌఢవయస్సును అధికభాగము విశాఖపట్టణమున గడచెను. అధికారము లేని ఆ దీర్ఘకాలమును వీరు విద్యకు వినియోగించిరి. తెలుగు, ఒడియా, సంస్కృతములయందు పాండిత్యము సంపాదించిరి. స్వయముగ రచనలు చేసిరి. కవులను, పండితులను, నటకులను ఆదరించిరి. సాహిత్యసామ్రాట్టు అను బిరుదముతో లోకము వీరిని వ్యవహరించినది. పుట్టుకచే ఒడియా సంప్రదాయమువారైనను నివాసముచేతను సాహిత్యముచేతను తెలుగువారై, రెండు భాషలవారును మావాడని చెప్పుకొనదగిన వ్యక్తియైరి.

1931లో రామచంద్రదేవ మహారాజు దివంగతులు కాగా జయపుర సింహాసనము వీరికి సంక్రమించెను. అప్పటికి వీరి వయస్సు అఱువది దాటినది. సాధారణముగ మనుష్యుడు వ్యవహారముల నుండి తొలగదలచు వయస్సున వీరు రాజ్యభారమును వహించిరి. ముందు ఎంత కాలముండునో తెలియని అధికారమున చేయవలసినది త్వరగ చేయవలెనను తలంపు వీరి దానములయందు కానవచ్చును.

ఆ కాలమున ఆంధ్ర విశ్వవిద్యాలయము బాల్యదశలో నుండెను. 1926 నాటి శాసనముచే ఏర్పడిన ఆ సంస్థ మొదట బెజవాడయందుండి 1930లో వాల్తేరునకు వచ్చెను. 1931 నుండి 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఉపాధ్యక్షపదవి నలంకరించిరి. కళాశాస్త్రములకు అధ్యాపకులుండిన చాలును. విజ్ఞానశాస్త్రములకు ప్రయోగశాలలు కావలెను. ప్రయోగశాల ఒకసారి కట్టిన చాలదు. పరికరములు, రసాయనములు, గ్రంథములు ఏటేట కావలయును. ఆర్థికమాంద్యము ప్రపంచమంతటను వ్యాపించిన ఆ దినములలో ప్రభుత్వ ధనాగారము నుండి అంత రాబడి ఆశించుట కష్టము.

అట్టి సమయమున శ్రీ విక్రమదేవవర్మగారు విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు ఒసగుటకు కట్టుబడిరి. విశ్వవిద్యాలయమువారు తమ విజ్ఞాన సాంకేతిక కళాశాలకు జయపుర విక్రమదేవ కళాశాల అని పేరిడి కృతజ్ఞతను తెలిపిరి. దాతను గౌరవ డి.లిట్. పట్టముతో సత్కరించిరి. ఈ దానపు పరిమాణమును గ్రహించుటకు ఒక్క పోలిక చాలును. జమీందారీ సర్కారునకు చెల్లింపవలెనని 1803లో నిర్ణయమైన పేష్కషు 16,000 రూపాయలు. విద్యకు ఇచ్చినది దానికి ఆఱురెట్లకు మించినది.

ఆ కళాశాలలో 1932లో భౌతికశాస్త్రమునకు సూరి భగవంతము గారు చేరిరి. కొలది కాలమునకే రసాయనశాస్త్రమున తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారు వచ్చి ప్రకృతిలోని వర్ణద్రవ్యములపై పరిశోధనలు నడపిరి. భూగర్భశాస్త్రమున సి. మహదేవన్ గారు శిష్యవర్గముతో తూర్పు కనుమల శిలలను పరిశీలించిరి. ఈ కనుమలలో విరివిగ కనబడు ఒక శిలకు ఖోండలైటు అని పేరు. 1902లో టి.ఎల్. వాకర్ అను శాస్త్రజ్ఞుడు ఆ కొండలలో నివసించు ఖోండుల పేరిట, అనగా మన కోదుల పేరిట, దానికా పేరు పెట్టెను. కోదుల కొండల రాబడితో పోషింపబడిన కళాశాలలో కోదుల పేరు గల శిలను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఆ కొండల బిడ్డలు మాత్రము చిరకాలము ఆ కళాశాల గడప త్రొక్కునంతటి విద్యకు నోచుకొనలేదు. ఈ సంగతికి మరల వత్తును.

ఇక దాన స్వరూపమును విచారింతము. ధర్మమునకై ధనమొసగు విధములు రెండు. మూలధనమును నిక్షేపించి దాని వడ్డీని మాత్రము వినియోగించుట ఒకటి. ఏదైన ఆస్తి రాబడి నుండి ఏటేట నిర్ణీతమైన మొత్తమును చెల్లించుట రెండవది. మొదటిదానికి మన ప్రాచీనులు పెట్టిన పేరు అక్షయనీవి. నీవి యనగా మూలధనము, అది క్షయింపరాదు. మహారాజు చేసినది రెండవ విధమైన దానము. ఈ భేదము చూపునకు స్వల్పము; కాలము గడచిన కొలది దాని ఫలము గొప్పది.

అక్షయనీవికి ప్రసిద్ధమైన ఉదాహరణము నాసిక గుహలలో గలదు. క్రీ.శ. రెండవ శతాబ్దారంభమున క్షహరాత నహపానుని అల్లుడైన ఉషవదాతుడు అచటి భిక్షుసంఘమునకు 3,000 కార్షాపణములు ఒసగెను. ఆ ధనమును ఆతడు సంఘము చేతికీయలేదు. గోవర్ధనమునందలి సాలెవారి శ్రేణులు రెండింటిలో నిక్షేపించెను. ఒక శ్రేణియొద్ద 2,000. వడ్డీ నెలకు నూటికి ఒకటి. మఱొక శ్రేణియొద్ద 1,000. వడ్డీ నెలకు నూటికి ముప్పాతిక. మొదటి మొత్తముపై ఏటికి వచ్చు వడ్డీ 240 కార్షాపణములు. దానితో ఇరువదిమంది భిక్షువులకు ఒక్కొక్కరికి పండ్రెండు చొప్పున వస్త్రద్రవ్యము సరిగ సరిపోవును. మూలము తిరిగి ఇయ్యబడదు, వడ్డీయే అనుభవింపవలెను. ఈ ఏర్పాటు నిగమసభలో వినిపింపబడి, ఫలకములపై వ్రాయబడెను.

ఈ చిన్న శాసనమున నాలుగు నియమములు ఇమిడి యున్నవి. ధనము నొక్కచోటనే యుంచలేదు. రెండు శ్రేణుల నడుమ పంచెను. వినియోగమును వడ్డీ లెక్కకు సరిపోవునట్లు ముందే నిర్ణయించెను. ధనమును కాపాడువారిని, అనుభవించువారిని వేఱుచేసెను. ఏర్పాటును బహిరంగముగ నమోదు చేయించెను. నేటి ధర్మనిధుల పాలకులు ఎన్ని పుటలలో వ్రాసికొన్నను వారి నియమములకు సారమిదియే.

ఇందూరు తామ్రశాసనము మఱొక సూక్ష్మమును తెలుపుచున్నది. గుప్త సంవత్సరము 146న, అనగా క్రీ.శ. 465లో, స్కందగుప్తుని కాలమున దేవవిష్ణువను బ్రాహ్మణుడు ఇంద్రపురమునందలి సూర్యాలయ దీపమునకై తైలికశ్రేణియొద్ద ధనము నిక్షేపించెను. ఆ శ్రేణి దినమునకు ఇంత తైలమని ఇయ్యవలెను. శ్రేణి ఆ ఊరు విడిచి మఱొకచోటికి పోయినను, ఐకమత్యముతో నున్నంత కాలము ఆ బాధ్యత దానిని వెంబడించును. ఇచట ఋణము ఊరిని అంటిపెట్టుకొనలేదు, భూమిని అంటిపెట్టుకొనలేదు. పని చేయగల మనుష్యుల సమూహమును అంటిపెట్టుకొన్నది.

మన తెలుగునాట ద్రాక్షారామ శాసనములలో అఖండదీపమునకు ఇనుపయెడ్లు ఏబది అను మాట మరల మరల కనబడును. గొఱ్ఱెలు చచ్చును, మంద చావదు. చచ్చినవాని స్థానమున పుట్టినవానిని నిలిపి, సంఖ్య ఏబదికి తగ్గకుండ కాచుచు, బోయ దినమునకు మానెడు నేయి దీపమునకు పోయవలెను. ఇనుము వలె తఱుగనిది కావుననే ఆ పేరు. పుట్టిన పిల్లలనన్నిటిని అమ్ముకొని తినినచో మంద నిలువదు. అనగా ఫలములో కొంతభాగము మూలమునకు తిరిగి చేరవలెనను సూత్రమును మన గొల్లలును బోయలును అర్థశాస్త్ర గ్రంథములు చదువకయే ఆచరించిరి.

ఈ ఉదాహరణముల వెలుతురున జయపుర దానమును చూతము. ఏటికి లక్ష రూపాయల వడ్డీ రావలెనన్నచో, ఆనాడు ప్రసిద్ధమైన మూడున్నర వడ్డీ సర్కారు కాగితములలో సుమారు 28,57,000 రూపాయల మూలధనమును నిక్షేపింపవలెను. అంత ధనమును ఒక్కమాఱుగ తీసి యిచ్చుట ఎంత పెద్ద జమీందారునకైనను దుర్ఘటము. ఏటేట వచ్చు శిస్తులోనుండి, అడవి రాబడిలోనుండి లక్ష ఇచ్చుట సాధ్యము. కావున మహారాజు ఎంచుకొన్న మార్గము అవివేకము కాదు. విశ్వవిద్యాలయమునకును అప్పుడు కావలసినది తక్షణ వ్యయమునకు ధనమే. అయితే ఆ దానమునకు ఆధారము సంస్థానమనెడి ఆస్తి. సంస్థానము నిలిచిన దనుక దానము నిలుచును.

ఆ ఆధారము క్రమముగ కదలుట వారి జీవితకాలముననే మొదలయ్యెను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. అంతవఱకు విశాఖపట్టణపు జిల్లాలో నున్న జయపుర సీమ కోరాపుట్ జిల్లా యను పేర ఆ రాష్ట్రమున చేరినది. ఉత్కళుల ఏకీకరణోద్యమమునకు మహారాజుగారును తోడ్పడినవారే. ఆ ఫలితముగ దాత రాజ్యము ఒక రాష్ట్రమున, ప్రతిగ్రహీత మఱొక రాష్ట్రమున నుండవలసి వచ్చినది. భాషను బట్టి సరిహద్దులు గీయువారు దానములను బట్టి గీయరు గదా. మహారాజుగారు మాత్రము రెండు వైపులను విడువలేదు. ఉత్కళదేశపు విద్యాసంస్థలకును ధనమిచ్చిరి. 1947లో జయపురముననే వారి పేర కళాశాల వెలసినది. ఆ కొండసీమలో ఉన్నత విద్యకు అది ప్రధానాధారమై పెరిగి, 2023లో విశ్వవిద్యాలయస్థాయిని పొందినది.

1951 ఏప్రిల్ నెలలో శ్రీ విక్రమదేవవర్మగారు ఎనుబదియొకటవ ఏట పరమపదించిరి. ఆ సంవత్సరముననే ఒడిశా ప్రభుత్వము ఎస్టేటుల రద్దు చట్టమును చేసినది. 1952లో జయపుర జమీందారీ ప్రభుత్వపరమైనది. దాత మరణించిన రెండేండ్ల లోపల దానమునకు ఊట యైన సంస్థానము అంతరించెను. వారి అనంతరము వచ్చిన రామకృష్ణదేవ మహారాజుగారికి మిగిలినవి బిరుదము, భవనములు, వ్యాజ్యములు. ఆ వ్యాజ్యములలో నొకటి ఆదాయపు పన్నుకు సంబంధించినది. 1959 నాటి న్యాయనివేదికలలో కనబడును. అడవి చెట్లను అమ్మగా వచ్చిన రాబడి వ్యవసాయాదాయమా కాదా అనునది అందలి ప్రశ్న. ఆ చెట్లు తమంతట తాము మొలచినవి, మానవ ప్రయత్నముచే నాటబడినవి కావు కనుక అది వ్యవసాయాదాయము కాదని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

ఆ తీర్పు పన్ను కొఱకు చెప్పినదైనను ధర్మవిచారము చేయువానికి అందు గొప్ప అర్థము కలదు. జయపుర సంపదలో ప్రధానభాగము ఎవరును నాటని అడవి నుండి వచ్చినది. ఎవరును నాటలేదు, కాని ఎవరును కాపాడలేదని చెప్పలేము. ఆ అడవుల నడుమ తరతరములుగ నివసించినవారు కొండజాతులవారు. దారులు వేయుటకు, సామానులు మోయుటకు వారిచే వెట్టిచాకిరి చేయించుట ఆ కొండలలో సర్వసాధారణము. అప్పునకు బదులు మనిషియే దాస్యము చేయు గోతి అను పద్ధతి అచట వేళ్లూనియుండెను. మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీలో ఋణదాస్యమును నిషేధించుచు 1940లో నిబంధన చేసెను. ఒడిశా ప్రభుత్వము 1948లో చేసెను. కోరాపుట్ కొండలలోని ఒక పరజ కుటుంబము ఈ గోతిలో చిక్కి నశించిన విధమును గోపీనాథ మహాంతిగారు 1945లో వెలువరించిన పరజా నవలలో చిత్రించిరి.

దీనిచే మహారాజుగారి కీర్తికి కళంకము చెప్పుట నా ఉద్దేశ్యము కాదు. వెట్టియు గోతియు ఒక్క రాజు పుట్టించినవి కావు. వారి కాలమునకు ముందే శతాబ్దములుగ నున్నవి. అదే సంస్థానపు రాబడితో విలాసములలో మునిగిన ప్రభువులు దేశమంతట నుండగా, వృద్ధాప్యమున గద్దెనెక్కిన ఈ పండితుడు దానిని ప్రయోగశాలలుగ మార్చుట సామాన్యము కాదు. అయినను, న్యాయార్జితమైన ద్రవ్యమునే దానము చేయవలెనని శాస్త్రము. ద్రవ్యము ఎచట పుట్టెనో విచారింపక దానఫలమును లెక్కించుట శాస్త్రసమ్మతము కాదు. కొండలలో పుట్టిన ధనము సముద్రతీరమున విద్యయైనది. ఆ విద్యలో కొండవారి భాగమెంత యను ప్రశ్న దాతకు ఎంత వర్తించునో, దానమును స్వీకరించిన మనబోటి విద్యావంతులకు అంతకంటె ఎక్కువగ వర్తించును.

వార్షికమునకు బదులు మహారాజు మూలధనమునే ఇచ్చియున్నచో ఏమయ్యెడిదని ఎవరైన అడుగవచ్చును. సర్కారు కాగితములలో నిక్షేపించియున్నచో మూలము చెక్కుచెదరక యుండెడిది. కాని రూపాయి విలువ క్షీణించుటచే ఆ లక్ష నేడు ఒక్క అధ్యాపకుని వార్షిక వేతనమునకైనను చాలకపోయెడిది. జమీందారీ గ్రామములనే వ్రాసి యిచ్చియున్నచో రద్దు చట్టములు వానిని తాకెడివి. మద్రాసు చట్టము క్రింద అట్లు గ్రామములు కోల్పోయిన దేవస్థానములకు తస్దీకు అను నిర్ణీత భత్యము మాత్రమే మిగిలినది. కావున భూమియు శాశ్వతము కాదు, కాగితము శాశ్వతము కాదు, రాజ్యమసలే కాదు. శాశ్వతత్వము వస్తువునందు లేదు, కాపాడువాని జాగరూకతయందున్నది.

ప్రభుత్వములు ఈ జాగరూకతకు చట్టరూపమీయ యత్నించినవి. 1890 నాటి ధర్మనిధుల చట్టము ధర్మద్రవ్యమును ప్రభుత్వ కోశాధికారి యధీనమున నుంచి, దాని వినియోగమును వేఱువారికి అప్పగించు పద్ధతిని కల్పించెను. ఇది ఉషవదాతుని సూత్రమే. 1882 నాటి న్యాసముల చట్టము న్యాసధారులు ఏయే పత్రములలో ధనమును పెట్టవచ్చునో పట్టికగ చెప్పెను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము ధర్మసంస్థలకు అనుమతించిన పెట్టుబడి మార్గములను తన పదునొకండవ విభాగమున పేర్కొనెను. ఇవన్నియు మూలధనము దొంగిలింపబడకుండుటకు కట్టిన కంచెలు. కంచె దొంగను ఆపగలదు, మందను పెంచలేదు. వడ్డీనంతను వ్యయము చేయక, ధరల పెరుగుదలకు సరిపడు భాగమును ప్రతివర్షము మూలమునకు కలుపుట పాలకుని వివేకముపై ఆధారపడును. ఇనుపయెడ్ల నీతి ఇదియే.

దీనికి దూరపు సాక్ష్యములు అక్కఱలేదు. నేను బాల్యమున చదివిన పాఠశాలలో ఒక దాత విద్యార్థుల భోజనార్థము కొంత ధనమును నిక్షేపించెను. నా చిన్ననాట ఆ వడ్డీతో నెలకు పదిదినములు మాకు అన్నము దొరకెడిది. వడ్డీని పూర్తిగ వ్యయము చేయుచు, మూలమునకు ఒక్క కాసైన కలుపక నలువది ఏండ్లు గడపిరి. లెక్కలలో తప్పు లేదు, ఎవరును అపహరింపలేదు. నేడు దాత పేరు గల శిలాఫలకము నిలిచియున్నది. ఆ వడ్డీతో ఒక్కపూట పులుసునకైన చింతపండు రాదు. ఇట్టి స్మారకనిధులు, పతకనిధులు మన ప్రాచ్యకళాశాలలలో ఎన్ని కలవో అధ్యాపకులందఱును ఎఱుగుదురు. ధర్మమును దోచినవాడు ఒకడైనచో, ధర్మము ఎండిపోవుచుండగా చూచుచు ఊరకున్నవారు పలువురు.

తూర్పు కనుమలకు మరల వత్తము. 1997 జూలై 11న సర్వోన్నత న్యాయస్థానము సమత వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అరకునకు దిగువనున్న అనంతగిరి మండలమున బొఱ్ఱా ప్రాంతపు గ్రామములలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల కవుళ్లు దానికి మూలము. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనేతరులకు అట్లు కవులిచ్చుట చెల్లదని న్యాయస్థానము నిర్ణయించుచు, గనుల నుండి వచ్చు నికరలాభమున నూటికి ఇరువదికి తక్కువ కాకుండ శాశ్వతనిధిగ వేఱుపఱచి, ఆ ప్రాంతపు గిరిజనుల నీటివసతులకు, పాఠశాలలకు, వైద్యశాలలకు, దారులకు వినియోగింపవలెనని సూచించినది.

ధర్మశాస్త్ర విద్యార్థికి ఈ తీర్పున అక్షయనీవి అను పదము లేకయే ఆ భావము గోచరించును. భేదమొక్కటి. నాసికలో దాత రాజబంధువు. జయపురమున దాత మహారాజు. ఇచట దాత లేడు. కొండ ఫలములో కొంతభాగము కొండవానిదే కనుక అది దానము కాదు, ఋణవిమోచనము. శాసనములలోని దాతలు పుణ్యము కొఱకు ఇచ్చిరి. ఈ నిధి న్యాయము కొఱకు ఏర్పడవలసినది. పుణ్యనిధిని ఎండబెట్టినవానికి దోషము కలుగునన్నచో, న్యాయనిధిని ఏర్పఱుపనివానికిని, ఏర్పఱచి కాపాడనివానికిని కలుగు దోషము అంతకంటె తక్కువ కాజాలదు.

శ్రీ విక్రమదేవవర్మగారు యోగమును నెఱవేర్చిరి. లేనిదానిని లభింపజేసిరి. క్షేమము వారి తరువాతివారి వంతు. సంస్థానము పోయినను వారి దానమున మిగిలినది ఒక్కటి కలదు. ఆ ప్రయోగశాలలలో చదివి, తరువాతి తరములకు చదువు చెప్పిన మనుష్యుల పరంపర. ఇంద్రపురపు తైలికశ్రేణి వలె ఋణము ఊరిని విడిచి మనుష్యులను అంటిపెట్టుకొని వచ్చునన్నచో, ఆ లక్షల ఋణము నేడు ఆ పరంపరపై నున్నది. అరకులోను, నందపురములోను, పాడేరులోను కొండజాతుల బిడ్డ ఒక్కడు కళాశాల గడప దాటినప్పుడెల్ల ఆ ఋణమున ఒక వడ్డీ చెల్లినట్లు. మూలము మాత్రము తీరదు, తీరకూడదు గూడ. అక్షయనీవి యనగా అదియే.